ఎర్ర దీపం ముందు ఆరుగురు

సోమవారం పొద్దున, విశ్రాంతి గది గోడకు కొత్తగా బిగించిన పలకలో ఎన్ని బల్బులున్నాయో సుకుమారి కుర్చీలో కూర్చోకముందే లెక్కపెట్టేసింది. పన్నెండు వరుసలు, వరుసకు అయిదు. పద్దెనిమిదేళ్ళుగా ఇంజెక్షన్ సీసాల్లో నలకలు వెతికి బతుకుతున్న మనిషి ఆమె. కంటి ముందు ఏది పెట్టినా దాంట్లో లోపమేదో కనిపెట్టనిదే ఆమెకు ఊపిరాడదు.

సూపర్‌వైజర్ నరేష్ స్విచ్ వేశాడు. గదంతా బీట్‌రూట్ రసం ఒలికినట్టు ఎర్రబడింది. తెల్ల గోడలు, తెల్ల కుర్చీలు ఎర్రవయ్యాయి. కూర్చున్న ఆరుగురు ఆడవాళ్ళ నీలం గౌన్లు మాత్రం నల్లబడ్డాయి. సుకుమారి వాటి వంక చూడలేదు. అరవై బల్బుల్లో వెలుగుతున్నవి ముప్ఫయ్యే. ఒకటి వెలిగితే దాని పక్కది చీకటి.

“సగం వెలుగుతనే లేవు గదా నరేషూ? పాతది తెచ్చి బిగించిండ్రా ఏంది?”

“కొత్తదే అక్కా. గవి గంతేనంట.” అతను చేతిలోని కాగితం చూసి చదివాడు. “మూడు నిమిషాలు. కండ్లు తెరిచి దీపం దిక్కు చూడాలె. మాట్లాడొద్దు. నేను బయట ఉంట.”

“నువ్వు సూడవా?” అంది భవాని.

“ఇది నలభై దాటినోళ్ళకు అక్కా. నాకింక మస్తు టైముంది” అని నవ్వి, నరేష్ తలుపు దగ్గరికి లాగి వెళ్ళిపోయాడు.

వరుసలో చివరి కుర్చీలో కూర్చున్న వర్షకు ఇరవై ఆరేళ్ళు. ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు. సుకుమారి మనసులో మాత్రం అది సీసా అడుగున గాజు పెంకులా తళుక్కుమంది. మంచిదే అయితే వీడెందుకు బయటికి పోయినట్టు? నలభై దాటినవాళ్ళకే అయితే ఆ పిల్లనెందుకు కూర్చోబెట్టినట్టు?

తల దీపం వైపే నిలిపి, ఆమె మెల్లగా కళ్ళు మూసుకుంది. రెప్పల వెనక కూడా ఎర్రగానే ఉంది. ప్రభువును తలచుకుని ఒకటి నుంచి నూట ఎనభై దాకా లెక్కపెట్టుకుంది.

కాజీపల్లిలోని ఆ మందుల ఫ్యాక్టరీలో ఆరుగురికీ సీసాలు చూడటానికి గూళ్ళలాంటి ఆరు బూతులు. ఒక్కో బూతులో తల మీద తెల్లటి ట్యూబులైటు, ఎదురుగా సగం తెల్ల పలక, సగం నల్ల పలక. సీసాను మెడ దగ్గర పట్టుకుని, లోపల బుడగ లేవకుండా మణికట్టుతో మెల్లగా తిప్పాలి. తెల్ల పలక ముందు అయిదు లెక్కపెట్టాలి, నల్ల పలక ముందు అయిదు లెక్కపెట్టాలి. తెల్ల దాని మీద నల్ల చుక్కలు దొరుకుతాయి. నల్ల దాని మీద నూలు పోగులు, గాజు రవ్వలు దొరుకుతాయి. ఏదీ లేకపోతే కుడివైపు ట్రే, ఉంటే ఎడమవైపు ఎర్ర డబ్బా. గంట కాగానే బెల్లు మోగుతుంది. అప్పుడు పది నిమిషాలు కళ్ళకు విరామం. అది నియమాల పుస్తకంలో రాసి ఉన్న మాట.

సుకుమారికి నలభై ఏడు వచ్చాయి. గంటలో చివరి పావుగంటకు ఆమెకు ప్రతి సీసాలోనూ పోగులు ఈదుతున్నట్టు కనిపిస్తాయి. ఉన్నవి లేనట్టు, లేనివి ఉన్నట్టు. పది నిమిషాలు కళ్ళ మీద అరచేతులు పెట్టుకుని కూర్చుంటే అవన్నీ అణిగిపోతాయి. ఆ పది నిమిషాలే ఆమె ఉద్యోగం. శుక్రవారం కిట్టు పరీక్ష ఉంది. మూడు వందల సీసాల్లో ముప్ఫై చెడ్డవి కలిపి ఇస్తారు. షిఫ్టు చివర, అలసిన కళ్ళతోనే పట్టుకోవాలి. మూడు దాకా వదిలేస్తే ఊరుకుంటారు. నాలుగోది వదిలితే బూతులోంచి దింపి అట్టపెట్టెల సెక్షన్‌కు పంపుతారు. పోయినసారి సుకుమారి సరిగ్గా మూడు వదిలింది.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో డబ్బా మూత తీస్తూ భవాని గొంతు తగ్గించింది. “వదినా, మా మరిది లేడూ, పట్నంల కొత్త మందు గోలీలు పరీక్షకని మింగి రెండు దినాలు ఆడనే పండుకొని వస్తడు సూడు. గట్లాంటి వాళ్ళకు పైసలన్న ఇస్తరు. మన మీద ఫుకట్‌ల చేస్తుండ్రు.”

“మేనేజర్ సార్ ‘మీ కోసమే’ అన్నడు గదా” అంది సుకుమారి.

“గదే నాకు బుగులు.”

సుకుమారికీ అదే భయం. ఈ పద్దెనిమిదేళ్ళలో ‘మీ కోసమే’ అన్న మాట ఆమె రెండుసార్లు విన్నది. మొదటిసారి విన్నాక శనివారం ఒంటిపూట సెలవు పోయింది. రెండోసారి విన్నాక ఫ్యాక్టరీ బస్సు వాళ్ళ గల్లీ దాకా రావడం మానేసి మెయిన్ రోడ్డు మీదే దింపడం మొదలుపెట్టింది. మేనేజర్ సోమేశ్వర్ చెడ్డ మనిషి కాదు, గొంతు పెంచి మాట్లాడడు. అమీన్‌పూర్‌లో తన ఇంట్లో అలాంటి పలకే ఉందనీ, నడుంనొప్పికి రోజూ దాని ముందు కూర్చుంటాననీ, ఎర్ర కాంతి కంటికి కూడా మంచిదని చదివాననీ శనివారమే వాళ్ళకు చెప్పాడు. చెప్పేటప్పుడు అతని మొహంలో కపటమేమీ కనబడలేదు. కనబడకపోవడమే సుకుమారిని మరీ తికమక పెట్టింది.

మంగళవారం రాత్రి చపాతీలు కాలుస్తూ ఈ ముచ్చట దేవసహాయానికి చెప్పింది. ఆమె భర్త పెళ్ళికి ముందు మూడేళ్ళు కోళ్ళఫారంలో పనిచేసినవాడు.

“ఎర్ర లైటా? మా ఫారంల గూడ పెట్టేటోళ్ళు” అన్నాడతను ఉల్లిగడ్డ కోస్తూ.

“ఎందుకు?”

“పిల్లలకు వెచ్చగుంటదని ఒకటి. ఇంకోటేమో, ఎర్ర లైటుల కోళ్ళు ఒకదాన్నొకటి పొడుసుకోవు. నెత్తుటి మరక కనవడదు గదా.”

“నేనేమన్న కోడినా?”

“నేనన్ననా? నువ్వే అడిగినవ్.” అతను నవ్వాడు. తర్వాత కత్తి పక్కన పెట్టాడు. “కండ్లు మూసుకుంటున్న అన్నవ్ గదా, గట్లనే కానియ్. బోర్ల ఫ్యాక్టరీ పసుపు నీళ్ళు వచ్చినప్పుడు మనకు ఎవ్వలన్న చెప్పిండ్రా? తాగినంక తెలిసింది. నువ్వైతే ఎవ్వలికీ చెప్పకు. ఆ నలుగురిల ఎవ్వలో ఒక్కలు సార్ మనిషై ఉంటరు.”

“నలుగురు గాదు, అయిదుగురు.”

“అయితే ఇంకో ఛాన్స్ ఎక్కువ.”

ఆ మాట బుధవారం పొద్దున దాకా ఆమెను వదల్లేదు. దీపం వెలగకముందే అయిదుగురి మొహాలూ ఒకసారి చూసుకుంది. భవాని మనసులో మాట నిలవదు గానీ, నరేష్ వాళ్ళ ఊరిదే. మిగతా ముగ్గురూ కిష్టారెడ్డిపేట నుంచి ఒకే ఆటోలో వచ్చేవాళ్ళు, వాళ్ళ మాటలు వాళ్ళకే. ఇక వర్ష. డిగ్రీ చదివింది. నరేష్‌కు కంప్యూటర్‌లో కాగితాలు కొట్టిపెడుతుంది, అందుకని అరగంట ముందే ఆఫీసు గదిలోకి పోతుంది. ఇంకెవరై ఉంటారు?

దీపం వెలిగింది. తలుపు పడింది. సుకుమారి కళ్ళు మూసుకుంది.

గురువారం సాయంత్రం బస్సులో వర్ష వచ్చి ఆమె పక్కనే కూర్చుంది. బస్సు గేటు దాటేదాకా చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

“అక్కా, ఒక మాట. నా పేరు రావొద్దు.”

“చెప్పు.”

“రేపు కిట్టు రిజల్ట్ మంచిగొస్తె, ఒకటో తారీకు నుంచి పది నిమిషాలు తీసేసి అయిదు చేస్తరంట. కాగితం నేనే కొట్టిన.”

సుకుమారి మొహం తిప్పుకుంది. కిటికీ బయట లారీల వరుస కదలకుండా ఆగి ఉంది. “నాకెందుకు చెప్తున్నవ్?”

“మీరే పెద్దోళ్ళు గదా.”

“నేను పోయి ఎవ్వలతోనన్న అంటే, ఎవ్వలు చెప్పిండ్రో సార్‌కు తెల్వదా? నేనేమంటనో సూద్దామని పంపిండ్రా నిన్ను?”

వర్ష మొహం చిన్నబోయింది. చున్నీ కొస వదిలేసి, లేచి ముందు సీట్లోకి వెళ్ళిపోయింది. ఆ పిల్ల మెడ వెనక చెమట పేరిన జుట్టును చూస్తూ సుకుమారి మెయిన్ రోడ్డు వచ్చేదాకా ఒకటే లెక్క వేసుకుంది. నిజమైతే ఒక భయం, అబద్ధమైతే ఇంకో భయం. రెండింటిలో ఏది చిన్నదో తేలలేదు.

శుక్రవారం మూడు గంటలకు కిట్టు తెచ్చి పెట్టారు. సుకుమారి చేతులు కడుక్కుని, గ్లోవ్స్ వేసుకుని, మొదటి సీసా అందుకుంది. మణికట్టు తిరిగింది. నీళ్ళు సుడి తిరిగి ఆగాయి. తెల్ల పలక, అయిదు. నల్ల పలక, అయిదు. కుడికి ఒకటి, కుడికి ఒకటి, ఎడమకు ఒకటి. గాజు రవ్వ కిందికి జారేటప్పుడు ఒక్క లిప్తసేపు మెరుస్తుంది. ఆ మెరుపు కోసమే ఉన్నాయి ఆ అయిదు అంకెలు. ఆ రోజు ఎందుకో మెరుపులు స్పష్టంగా పడుతున్నాయి. గంట బెల్లు మోగాక లేచింది, పది నిమిషాలు కూర్చుంది, వచ్చి మిగతావి ముగించింది.

ప్రతి సీసా అడుగున మామూలు కంటికి కనిపించని సిరాతో అంకె వేసి ఉంటుంది. నరేష్ ఊదారంగు టార్చి పట్టి ఆ అంకెలు చదివి, తన జాబితాతో సరిపోల్చుకుంటాడు. సుకుమారి ట్రే ముందు అతను చాలాసేపు నిలబడ్డాడు.

“ఒక్కటే వదిలినవ్ అక్కా!”

“మంచిగ సూడు.”

“రెండు సార్లు సూసిన. ఒక్కటే.”

అందరూ చప్పట్లు కొట్టారు. సుకుమారి నవ్వింది గానీ ఆ నవ్వు పళ్ళ దాకా రాలేదు. కళ్ళు మూసుకుని కూర్చున్న మనిషికి దీపం ఎలా పనిచేస్తుంది? దీపం కాకపోతే మరేది పనిచేసినట్టు?

శనివారం పదింటికి ఆరుగురినీ మీటింగ్ హాల్లోకి పిలిచారు. సోమేశ్వర్ తెర మీద రెండు గీతలు చూపించాడు. పోయినసారి ఆరుగురూ కలిసి వదిలినవి పద్నాలుగు. ఈసారి ఆరు. మూల కుర్చీలో డాక్టర్ నిహారిక కూర్చుని ఉంది. ఆరు నెలలకోసారి వచ్చి అందరి కళ్ళూ పరీక్షించి పోయే డాక్టరమ్మ ఆవిడ. ఆ రోజు కూడా అందుకే వచ్చింది, అక్షరాల చార్టు చుట్టి ఒళ్ళో పెట్టుకుని ఉంది.

“ఇందులో సుకుమారమ్మ గారిది మరీ గొప్ప విషయం” అన్నాడు సోమేశ్వర్. “మూడు నుంచి ఒకటికి వచ్చారు. అంటే మూడు నిమిషాల దీపం మీ కళ్ళకు అంత బలమిచ్చింది. కాబట్టి గంట గంటకూ పది నిమిషాలు కూర్చోవలసిన అవసరం ఇక లేదు. ఒకటో తారీకు నుంచి అయిదు చాలు. ఈ కాగితం మీద సంతకాలు పెట్టండి.”

సుకుమారి వర్ష వైపు చూసింది. వర్ష బల్లను చూస్తోంది.

పెద్దదని కాగితం ముందు ఆమె దగ్గరికే వచ్చింది. పైన రెండు వరుసల తెలుగు. ‘నేను అయిదు రోజులు, రోజుకు మూడు నిమిషాలు, కళ్ళు తెరిచి దీపాన్ని చూశానని ధ్రువీకరిస్తున్నాను.’ కింద గళ్ళు. పేరు, సంతకం, తేదీ, చివర రిమార్కులు.

పెన్ను మూత తీసింది. సంతకం పెడితే నిన్నటి ఒక్కటి ఒక్కటిగానే ఉంటుంది. బూతు తనదే. కానీ అయిదు నిమిషాల విరామంతో ఆ బూతులో ఎన్నాళ్ళుంటుంది? వచ్చే పరీక్ష దాకానా? పెట్టకపోతే నిన్నటి పరీక్షే చెల్లదంటారు, మళ్ళీ మూడు వందల సీసాలు. మళ్ళీ ఒక్కటే వదులుతుందని ఏమిటి నమ్మకం?

పెన్ను కొస గడిలో ఆనింది గానీ ముందుకు కదల్లేదు. ఆ చేత్తో ఎన్ని లక్షల సీసాలకు సంతకం పెట్టిందో ఆమెకే తెలియదు. ఒంట్లో బాగోలేని రోజున పెట్టింది, అమ్మ పోయిన వారానికే వచ్చి పెట్టింది. చూడని సీసాను చూశానని మాత్రం ఒక్కనాడూ పెట్టలేదు.

పేరు రాసింది. సంతకం పెట్టింది. తేదీ వేసింది. తర్వాత రిమార్కుల గడిలో గుండ్రటి అక్షరాలతో మెల్లగా రాసింది. ‘నేను కండ్లు మూసుకున్న. అయిదు దినాలు.’

వెనక నిలబడ్డ నరేష్ వంగి చూసి గతుక్కుమన్నాడు. “అక్కా, ఏం రాసినవ్ గది?”

“జరిగింది రాసిన.”

“జెర నన్ను అడగాలె గదా! ఇగ దాన్ని ఏం చెయ్యాలె?” అతని చెయ్యి కాగితం దాకా వచ్చి ఆగిపోయింది. ఆ ఫ్యాక్టరీలో రాసినదాన్ని చెరపడానికి లేదు. తెల్ల సిరా పుయ్యకూడదు, కాగితం మార్చకూడదు. ఒక్క అడ్డగీత గీసి, ఎందుకు గీశావో రాసి, సంతకం పెట్టాలి. గీత కింద అక్షరాలు చదివేవాళ్ళకు కనిపిస్తూనే ఉండాలి.

సోమేశ్వర్ కాగితం అందుకుని చదివాడు. ఇంకోసారి చదివాడు. “సుకుమారమ్మా, పరీక్షలో ఒక్కటే వదిలారు మీరు. దీపం చూడకుండానేనా?”

“గదే నాకు గూడ సమజైతలేదు సార్.”

“మరి అయిదు రోజులు పక్కనే కూర్చున్నారు కదా మీరంతా!” అతను మిగతావాళ్ళ వైపు తిరిగాడు. “ఈమె కళ్ళు మూసుకుంటే ఒక్కరికీ కనబడలేదా?”

భవాని గొంతు సవరించుకుంది.

“నాకెట్ల కనవడతది సార్? నేను గూడ మూసుకున్న.”

కిష్టారెడ్డిపేట ముగ్గురూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. “నేను గూడ” అంది మొదటామె. రెండో ఆమె మెల్లగా చెయ్యెత్తింది. మూడో ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తోందేమోనని సుకుమారి కంగారుపడింది. ఆమె నవ్వుతోంది.

“వర్షా, నువ్వు?” అన్నాడు సోమేశ్వర్ నీరసంగా.

“నేను ఒక్క కన్ను సార్.”

“ఒక్క కన్నేంటమ్మా?”

“ఒకటే తెరిచిన సార్. ఒకటి పోయినా ఇంకోటి ఉంటది గదా అని. భవానక్క దిక్కున్నది మూసిన, అందుకే నాకు గూడ ఎవ్వలూ కనవడలే.”

గది పగలబడి నవ్వింది. నరేష్ గోడ వైపు తిరిగి నవ్వాడు. సుకుమారికి మాత్రం నవ్వు ఆలస్యంగా వచ్చింది. అయిదు రోజులు ఒకే వరుసలో, భుజానికి భుజం తగిలేట్టు కూర్చుని, ఎవరి భయం వాళ్ళు మూటగట్టుకున్నారు. పక్కదాన్ని అనుమానించడానికి కళ్ళు తెరిచారు గానీ, పక్కది కూడా భయపడుతోందని చూడటానికి తెరవలేదు.

డాక్టర్ నిహారిక లేచింది. “ఆ పలక నేను చూడొచ్చా?”

అందరూ విశ్రాంతి గదిలోకి నడిచారు. నరేష్ స్విచ్ వేశాడు. డాక్టర్ దీపానికి పక్కగా నిలబడి, చేతి వెనక భాగాన్ని దాని ముందు కాసేపు పెట్టింది. మేనేజర్ ఫోనుకు తప్ప అక్కడ ఫోన్లకు అనుమతి లేదు, అందుకని సోమేశ్వర్ ఫోనే అడిగి తీసుకుని, కెమెరా తెరిచి సుకుమారికి చూపింది. “సగం బల్బులు వెలగలేదని మీరే అన్నారని నరేష్ చెప్పాడు. ఇందులో చూడండి.”

ఫోను తెర మీద చీకటి బల్బులు కూడా లేత ఊదారంగులో వెలుగుతున్నాయి. సుకుమారి పలకను చూసింది, చీకటి. తెరను చూసింది, వెలుగు. పద్దెనిమిదేళ్ళ కన్ను కనిపెట్టిన లోపం లోపమే కాదు.

“ఇది మన కంటికి ఆనని కాంతి. ఎరుపుకు అవతలిది. ఒంటికి వేడిగా తెలుస్తుంది, అంతే” అంది డాక్టర్. “సార్, ఈ పలక దేనికి చేసింది?”

“నడుముకు, మోకాళ్ళకు అండి. కంటికి కూడా మంచిదని నేను చదివాను.”

“చదివింది అబద్ధమేం కాదు. నలభై దాటినవాళ్ళు పొద్దున పూట కొద్ది నిమిషాలు ఎర్ర కాంతి చూస్తే రంగుల తేడా కొంచెం మెరుగ్గా తెలిసిందని చెప్పిన పరిశోధనలున్నాయి. చాలా కొద్దిమంది మీద చేసినవి. వాళ్ళు కంటికి ఎంత కాంతి పడాలో కొలిచి పెట్టారు. ఇక్కడ ఎవరైనా కొలిచారా?”

సోమేశ్వర్ తల అడ్డంగా ఊపాడు.

“అయితే వీళ్ళు కళ్ళు మూసుకోవడమే మంచిదైంది.”

“మరి పద్నాలుగు ఆరుకు ఎట్ల తగ్గినయ్ మేడం?” అంది సుకుమారి. నిన్న సాయంత్రం నుంచీ ఆమెను తొలిచేస్తున్నది అదే.

“రెప్పలు ఎర్ర కాంతిని పూర్తిగా ఆపలేవమ్మా. మూసుకున్నా మీకు ఎర్రగా కనిపించింది కదా? కొంత లోపలికి పోయింది. అది పనిచేసిందో, పొద్దున్నే మూడు నిమిషాలు కళ్ళు మూసుకుని ఎక్కువ కూర్చోవడం పనిచేసిందో, మామూలుగానే ఆ రోజు బాగా చూశారో, నేను చెప్పలేను. సార్ గీతలు కూడా చెప్పలేవు. కొలిచి, సరైన దీపంతో, కొన్ని రోజులు వేసి, కొన్ని రోజులు వెయ్యకుండా చూస్తే అప్పుడేమైనా తెలుస్తుంది. ఆ పది నిమిషాలను కదిలిస్తే మాత్రం ఎప్పటికీ తెలియదు.”

సోమేశ్వర్ కాగితాన్ని మడవబోయి మానుకున్నాడు. తనిఖీకి వచ్చేవాళ్ళు మొదట వెతికేది రిమార్కుల గడే. “పది నిమిషాలు పదిగానే ఉంటాయి, ఇది తేలేదాకా” అన్నాడు. తర్వాత సుకుమారి వంక చూడకుండా అన్నాడు. “నిన్నటి పరీక్ష లెక్కలోకి రాదు. సోమవారం మళ్ళీ పెడతాం. ఆరుగురికీ.”

బస్సులో భవాని ఆమె మోచేతి మీద గిల్లింది. “నీ నిజం సల్లగుండ! మళ్ళ మూడు వందల సీసలు.”

“నువ్వెందుకు చెప్పినవ్ మరి?”

“నువ్వొక్కదానివే పోతవేమోనని. పోతె అందరం పోదాం.”

ముందు సీట్లో ఒంటరిగా కూర్చున్న వర్ష దగ్గరికి సుకుమారి తానే వెళ్ళింది. ఏం మాట్లాడాలో తెలియక, సంచిలోంచి జామకాయ తీసి సగం విరిచి ఇచ్చింది. వర్ష తీసుకుంది.

సోమవారం ఉదయం పలక మీద దుప్పటి కప్పి ఉంది. కిట్టు ఆలస్యంగా, మూడుంముప్పావుకు వచ్చింది. ఈసారి సీసాల వరుస మార్చి పెట్టారు. సుకుమారి కూర్చుంది. మణికట్టు తిరిగింది. తెల్ల పలక, అయిదు. నల్ల పలక, అయిదు. శుక్రవారం పడిన మెరుపులు ఇవాళ అంత తేలిగ్గా పడటం లేదు. లేక తానే పట్టి పట్టి చూస్తోందా? ఒక పోగు దొరికింది, ఎడమకు వేసింది. ఒక నల్ల చుక్క. ఒక గాజు రవ్వ. వీపు మధ్య చెమట ధారలా దిగింది. చివరి పావుగంటకు మామూలుగానే సీసాల నిండా పోగులు ఈదడం మొదలైంది.

బెల్లు మోగింది. అప్పటికి ఆమె చేతిలో ఒక సీసా ఉంది. దాంట్లో ఏదో ఉన్నట్టుంది. నల్ల పలక ముందు పెడితే పోగులా ఉంది, తెల్ల పలక ముందు పెడితే ఏమీ లేదు.

“ముప్ఫై నలభై సీసలే ఉన్నయ్ అందరికీ” అన్నాడు నరేష్ గడియారం చూసి. “జల్దీ అయిపోగొట్టుండ్రి. పది నిమిషాలు కూసుంటే బస్సు ఎల్లిపోతది. మళ్ళ రోడ్డు దాంక ఆటోలు దొరకవు, మీ ఇష్టం.”

అయిదు బూతుల్లోంచి అయిదుగురూ సుకుమారి వైపు చూశారు. ఆమె ఆ సీసాను కుడికీ ఎడమకూ వెయ్యకుండా బల్ల మధ్యలో నిలబెట్టింది. గ్లోవ్స్ ఊడదీసి, కుర్చీ వెనక్కి నెట్టి లేచింది.

“బస్సు పోతె పోనీయ్” అంది.

భవాని లేచింది. తర్వాత వర్ష, తర్వాత ముగ్గురూ. విశ్రాంతి గదిలో మామూలు ట్యూబులైటు వెలుగుతోంది. ఆరుగురూ కూర్చుని కళ్ళ మీద అరచేతులు పెట్టుకున్నారు. ఎవరూ అంకెలు లెక్కపెట్టలేదు. బయట బస్సు రెండుసార్లు హారన్ కొట్టింది. ఇంకోసారి కొట్టింది. తర్వాత గేటు జరిపిన చప్పుడు.

పది నిమిషాలకు తిరిగి వచ్చి, కొత్త గ్లోవ్స్ వేసుకుని, బల్ల మధ్యనున్న సీసాను ఎత్తింది. తిప్పింది. నీళ్ళు సుడి తిరిగి ఆగాయి. నల్ల పలక ముందు ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. ఏమీ లేదు. తెల్ల పలక ముందు అయిదు. ఏమీ లేదు. కుడివైపు ట్రేలో ఒక మూలకు పెట్టింది. మిగతా ముప్ఫై ఎనిమిదీ ఆగకుండా ముగించింది.

నరేష్ ఊదారంగు టార్చి తెచ్చి వరుసగా చదవడం మొదలుపెట్టాడు. అతను చివరి వరుసకు వచ్చేదాకా సుకుమారి పక్కనే నిలబడి ఉంది.

“రెండు వదిలినవ్ అక్కా. పాస్.”

“గా మూలకున్న సీస సూడు. మంచిదేనా అది?”

అతను దాన్ని తీసి అడుగుకు టార్చి పట్టాడు. జాబితాలో వేలు పెట్టి చూశాడు. “మంచిదే.”

“మళ్ళొకసారి సూడు.”

నరేష్ నిట్టూర్చి మళ్ళీ చూశాడు. “మంచిదే అక్కా. ఏం లేదు దాంట్ల.”

సుకుమారి చెయ్యి చాపి ఆ సీసాను తీసుకుంది. వెలుతురుకు ఎత్తి చూడకుండానే దాన్ని మంచివాటి పక్కన ట్రేలో పెట్టి, టోపీ తీసేసింది.